నాన్న 33 ఏళ్లు లైన్‌మన్. ఇప్పుడు మోటార్ న్యూరాన్ జబ్బు అంటున్నారు. కరెంటు వల్లేనా?

#1 | గోదారిగట్టు | శనివారం రాత్రి 10:20

అందరికీ నమస్కారమండి. ఎవర్ని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నగారు హెల్పర్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. మొత్తం 33 ఏళ్లు స్తంభాల మీదే. పోయిన ఏడాది లుంగీ ముడి వేసుకోలేకపోతున్నానంటే వయసు అనుకున్నాం. తర్వాత కుడిచేతిలోంచి టీ గ్లాసు జారడం మొదలైంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడింది. భుజం మీద చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు అదురుతూ ఉంటుంది. మొదట చూపించిన చోట మెడ ఎముకలు అరిగాయని చెప్పి ఏడు నెలలు కాలర్ పెట్టించారు. ఇప్పుడు వేరే చోట ఈఎంజీ (కండలో సూది గుచ్చి చేసే పరీక్ష) చేసి మోటార్ న్యూరాన్ డిసీజ్ (కండరాలను నడిపే నరాలు చచ్చిపోయే జబ్బు) అన్నారు. ఎడమకాలు కూడా ఈడుస్తున్నారు.

సర్వీసులో ఆయనకు రెండుసార్లు గట్టి షాక్ తగిలింది. ఒకటి 1994లో. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపామన్న అనుమతి) తీసుకునే ఎక్కారు, ఎవరింట్లోదో జనరేటర్ నుంచి రిటర్న్ వచ్చి కింద పడేసింది. కుడి మణికట్టు మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. జబ్బు మొదలైంది కూడా ఆ చేతిలోనే. చిన్నాచితకా షాకులకు లెక్కే లేదంటారు.

మొన్న రాత్రి అన్నం తినిపిస్తుంటే "ఒరేయ్, ఆ కరెంటు లోపలే ఉండిపోయిందంటావా?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

#2 | సబ్‌స్టేషన్ సత్తన్న | శనివారం రాత్రి 10:41

తమ్మీ, చదువుతుంటే పానం ఎట్లనో అయింది. నేను 33/11 కేవీ సబ్‌స్టేషన్‌ల ఆపరేటర్‌ను, 19 ఏండ్ల సంది. మా సెక్షన్‌ల గూడ ఒకాయనకు గిదే జబ్బు వచ్చి రెండేండ్లల్ల పోయిండు. అప్పటి సంది మా వాళ్లంత "యార్డుల తిరిగితే నరాలు పోతయి" అంటరు. నిజమెంతో నాకూ తెల్వాలె. ఫాలో అయితున్న.

#3 | యూనియన్ ఎర్రన్న | శనివారం రాత్రి 11:05

ఇందులో అనుమానం ఏముంది? డెన్మార్క్‌లో 1998లోనే తేల్చారు. కరెంటు కంపెనీల్లో పనిచేసిన 21,236 మంది మగవాళ్ల రికార్డులు తీస్తే, ఈ జబ్బుతో ఏడుగురు పోవాల్సిన చోట 14 మంది పోయారు. అంటే రెట్టింపు! మన దగ్గర లెక్కలు తీసే నాథుడు లేడు కాబట్టి బయటికి రావడం లేదు. తమ్ముడూ, నాన్నగారి సర్వీస్ రిజిస్టర్, షాక్ తగిలినప్పటి ఆసుపత్రి కాగితాలు వెంటనే జాగ్రత్త చెయ్యి. నష్టపరిహారానికి వెళ్దాం.

#4 | ఈఎంజీ సూది | ఆదివారం ఉదయం 7:15

నేను న్యూరాలజిస్టును. ఆన్‌లైన్లో ఎవరికీ వైద్యం చెయ్యను, తెలిసింది మాత్రం చెబుతాను.

గోదారిగట్టు గారూ, ముందు నాన్నగారి ప్రశ్న. కరెంటు ఒంట్లో ఉండిపోదు. అది నీరు కాదు, విషం కాదు. దారి దొరికినంతసేపే పారుతుంది, తెగిన క్షణమే పోతుంది. ఈ మాట ఆయనకు ఇవాళే చెప్పండి. చాలామంది లైన్‌మన్‌లు నన్ను ఇదే అడిగారు. ఒకాయనైతే చెప్పుల్లేకుండా తడిమట్టి మీద నడిస్తే "దిగిపోతుంది" అని ఎవరో చెప్పారని నెలరోజులు పొలంలో నడిచాడు.

అయితే పోతూపోతూ అది చేసే నష్టం మాత్రం ఉండిపోవచ్చు. నరాలు కాలతాయి, వెన్నుపాము దెబ్బతింటుంది. కొందరికి ఆ బలహీనత వెంటనే కాకుండా వారాలు, నెలలు గడిచాక బయటపడుతుంది. కానీ అది ఎక్కువగా షాక్ తగిలిన చెయ్యో కాలో పట్టుకుని ఉంటుంది, కొంతవరకు పెరిగి ఆగుతుంది. మోటార్ న్యూరాన్ జబ్బు ఆగదు. ఒక చేతిలో మొదలై రెండో చేతికో, కాలికో, నాలుకకో పాకుతుంది. మీ నాన్నగారికి 1994లో షాక్. ఇన్నేళ్లూ ఆ చెయ్యి మామూలుగానే పనిచేసింది, నిరుడు కండ కరగడం మొదలైంది, ఇప్పుడు ఎడమకాలికి వచ్చింది. మచ్చ ఉన్న చేతిలోనే మొదలవడం చూస్తే ముడిపెట్టాలనిపిస్తుంది, అది సహజం. కానీ ఈ జబ్బు చేతిలో మొదలయ్యేవాళ్లు చాలామందే. అందరికీ మచ్చలుండవు.

మెడ అరుగుదల అని ముందు చెప్పడం గురించి: 60 దాటినవాళ్ల మెడకు ఎంఆర్ఐ తీస్తే అరుగుదల కనబడనిది అరుదు. అందుకే ఈ పొరపాటు ప్రపంచమంతా జరుగుతుంది. తిమ్మిర్లు, మొద్దుబారడం లేకుండా కండ ఒక్కటే కరుగుతుంటే మెడ మీదే అనుమానం పెట్టుకుని కూర్చోకూడదు.

#5 | యూనియన్ ఎర్రన్న | ఆదివారం ఉదయం 8:02

డాక్టర్ గారూ, మీరు ఒక్క మనిషి గురించి చెప్పారు. నేను అడిగేది 21 వేల మంది గురించి. ఆ 14 మంది సంగతి చెప్పండి.

#6 | ఈఎంజీ సూది | ఆదివారం ఉదయం 8:10

అది నా లెక్క కాదు. ఇక్కడ అంకెలమ్మ గారు ఉండాలి, పిలుస్తున్నాను.

#7 | వెల్డింగ్ బాషా | ఆదివారం ఉదయం 9:30

నాదో డౌటు. నేను కడప. పదకొండేండ్లుగా కువైట్లో వెల్డర్‌ను. కేబుల్ భుజాన ఏసుకోని రోజుకు పది గంటలు పని. లైన్‌మన్‌లకే ఇట్లుంటే మా గతి ఏంది సామీ? మాది వోల్టేజీ తక్కువని ఫోర్‌మన్ అంటాడు, ఏం గాదంటాడు.

#8 | ట్రాన్స్‌ఫార్మర్ తాత | ఆదివారం ఉదయం 10:12

రిటైర్డ్ ఇంజనీర్‌ను. బాషా, మీ ఫోర్‌మన్ చెప్పింది షాక్ విషయంలో సగం నిజం, అయస్కాంత క్షేత్రం విషయంలో పూర్తిగా తప్పు. కరెంటు పారే తీగ చుట్టూ ఉండే ఈ క్షేత్రం మీద కూడా ఈ జబ్బు విషయంలో అనుమానం ఉంది. షాకునూ క్షేత్రాన్నీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం.

అయస్కాంత క్షేత్రం ఆంపియర్లను బట్టి వస్తుంది. వోల్టును బట్టి కాదు. లెక్క తేలికే. ఒక్క తీగలో 200 ఆంపియర్లు పారుతుంటే, దానికి 10 సెంటీమీటర్ల దూరంలో 400 మైక్రోటెస్లా (క్షేత్రాన్ని కొలిచే యూనిట్). భుజాన వేసుకున్న వెల్డింగ్ కేబుల్ అంతే. ఇక 11 కేవీ లైనులో 100 ఆంపియర్లు పోతున్నాయనుకోండి. కింద ఎనిమిది మీటర్ల దూరంలో నిలబడితే ఒక్క తీగ లెక్కకే రెండున్నర మైక్రోటెస్లా. మూడు ఫేజులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి అసలుకు వచ్చేది అంతకంటే తక్కువ. మన ఇళ్లల్లో ఉండేది 0.1 చుట్టుపక్కల. అంటే "హై టెన్షన్" అనే మాట వినగానే భయపడే మనం, అసలు క్షేత్రం ఎక్కువున్న వెల్డరును వదిలేస్తాం.

ఒక మెలిక. ఏసీ సెట్టయితేనే అది మారే క్షేత్రం. డీసీ సెట్టయితే దాదాపు నిలకడ క్షేత్రం, అధ్యయనాలు చూసేది దాన్ని కాదు.

పనిచేసేవాళ్లకు అంతర్జాతీయంగా 2010లో పెట్టిన హద్దు 50 హెర్ట్జ్ దగ్గర 1000 మైక్రోటెస్లా. జనానికి 200. కానీ ఆ హద్దు పెట్టింది నరాలు అక్కడికక్కడ జివ్వుమనకుండా ఉండటానికి. ముప్పయ్యేళ్ల తర్వాత వచ్చే జబ్బును లెక్కేసి పెట్టింది కాదు. "హద్దులోనే ఉంది కాబట్టి ఏమీ కాదు" అని ఎవరన్నా అంటే ఈ తేడా గుర్తుచెయ్యండి.

#9 | వెల్డింగ్ బాషా | ఆదివారం ఉదయం 10:20

తాతా, మాది ఇన్వర్టర్ సెట్. డీసీ. బతికిచ్చినావు. ఐనా కేబుల్ భుజం మీంచి దింపేసినా ఇప్పుడే 😀

#10 | అంకెలమ్మ | ఆదివారం మధ్యాహ్నం 2:45

పిలిచారు కాబట్టి వచ్చాను. వంట మధ్యలో ఉన్నాను, కొంచెం పొడుగ్గా రాస్తాను, మన్నించండి.

ఎర్రన్న గారు చెప్పిన డెన్మార్క్ లెక్క నిజమే. రెట్టింపే. కానీ 14 మరణాలు. అంత చిన్న అంకెలో కాకతాళీయం ఎంతో చూస్తే, అసలు విలువ ఇంచుమించు 1.1 రెట్ల నుంచి 3.4 రెట్ల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అయినా కొట్టిపారేయదగింది కాదు. అదే ఉద్యోగుల్లో కరెంటు ప్రమాదాల మరణాలు కూడా మామూలు జనంతో పోలిస్తే ఎన్నో రెట్లు ఉన్నాయి. అందుకే ఆ పరిశోధకులు "క్షేత్రం కాదేమో, షాకులేమో" అని ఊహించారు. కథ ఇక్కడితో ఆగి ఉంటే మీ మాటే గెలిచేది.

తర్వాత అదే డెన్మార్క్‌లో నేరుగా ఆ ప్రశ్నే అడిగారు. 1968 నుంచి 2008 వరకు కరెంటు షాక్ తగిలి బతికిన 3,133 మందిని వెతికి, వాళ్లకు తర్వాత ఏ నరాల జబ్బులు వచ్చాయో చూశారు. 2012లో అచ్చయింది. చేతికాళ్ల నరాల జబ్బులు, మైగ్రేన్, కళ్లు తిరగడం, మూర్ఛ ఎక్కువ వచ్చాయి. మోటార్ న్యూరాన్ జబ్బు మాత్రం ఎక్కువ రాలేదు. షాకు ఊహకు ఇది పెద్ద దెబ్బ.

ఇంగ్లండ్, వేల్స్‌లో పాత సెంట్రల్ ఎలక్ట్రిసిటీ జనరేటింగ్ బోర్డు ఉద్యోగులు 83,997 మందిని చూసిన అధ్యయనం 2007లో వచ్చింది. అక్కడ కేవలం ఉద్యోగం పేరు కాదు, ఏ పనిలో ఎంత క్షేత్రం ఉంటుందో అంచనా కట్టారు. ఎక్కువ క్షేత్రంలో పనిచేసినవాళ్లకు ఈ జబ్బు ఎక్కువ రాలేదు.

మరి స్వీడన్‌లో? 2003లో చూశారు. రెసిస్టెన్స్ వెల్డింగ్ లాంటి చాలా ఎక్కువ క్షేత్రం ఉన్న పనులు చేసేవాళ్లలో రెండు రెట్ల పైచిలుకు.

ఐర్లండ్, ఇటలీ, నెదర్లాండ్స్ కలిపి యూరో-మోటార్ అనే పెద్ద పని చేశారు. 1,323 మంది రోగులు, 2,704 మంది ఆరోగ్యవంతులు. జీవితంలో చేసిన ఉద్యోగాలన్నీ అడిగారు. 2019లో ఫలితం: షాక్ తగిలే అవకాశం ఉన్న పనులు చేసినవాళ్లకు 1.23 రెట్లు, క్షేత్రం ఎక్కువున్న పనులు చేసినవాళ్లకు 1.16 రెట్లు. రెండేళ్ల తర్వాత పాత అధ్యయనాలన్నీ గుది గుచ్చి లెక్కేసినవాళ్లకు క్షేత్రానికి 1.2 వచ్చింది, షాకులకు 0.97 వచ్చింది. అంటే షాకులకు ఏమీ లేదన్నట్టే.

ఇప్పుడు నా అభిప్రాయం, ఇది అభిప్రాయమే. "కరెంటు పనిచేసేవాడు" అనే ఉద్యోగం పేరు పెట్టి చూస్తే చిన్న సంబంధం పదేపదే కనిపిస్తోంది. పనిని బట్టి అంచనా కట్టిన క్షేత్రాన్ని పట్టుకుని చూస్తే ఆ సంబంధం పలచబడుతోంది. 2013లో పాత అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లూ ఈ విచిత్రాన్నే గమనించారు. అలాంటప్పుడు నాకు ఒకటే అనిపిస్తుంది: ఆ ఉద్యోగంలో ఇంకేదో ఉండొచ్చు.

#11 | సబ్‌స్టేషన్ సత్తన్న | ఆదివారం మధ్యాహ్నం 3:05

అక్కా, "ఇంకేదో" అంటే ఏంది?

#12 | అంకెలమ్మ | ఆదివారం మధ్యాహ్నం 3:31

సత్తన్నా, మీ పనే ఒకసారి తలచుకోండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో పీసీబీలు అనే రసాయనాలు ఉండేవి. కాంటాక్టులు తుడిచే సాల్వెంట్లు. వెల్డర్లయితే పొగ, లోహాలు. డీజిల్ జనరేటర్ల పక్కన డ్యూటీ. స్తంభం మీంచి పడి తలకు దెబ్బలు. ఒళ్లు హూనమయ్యే పని. వీటిలో చాలావాటిని ఈ జబ్బుతో ముడిపెట్టి విడిగా చూసినవాళ్లున్నారు. పొగతాగడం, సీసం, పురుగుమందులు కూడా ఆ వరసలో ఉన్నాయి. ఇటలీలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను చూస్తే ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ మంది ఉన్నారు, 2005లో అచ్చయింది. వాళ్లకు కరెంటుతో ఏం పని చెప్పండి?

ఇంకో కష్టం, ఎవరికెంత క్షేత్రం తగిలిందో ఎవరూ కొలవలేదు. "ఎలక్ట్రీషియన్ అంటే ఇంత, కుట్టుమిషన్ అంటే ఇంత" అని ఉద్యోగానికో మార్కు వేసే పట్టికలు ఉంటాయి. స్విచ్ బిగించే ఎలక్ట్రీషియన్‌కూ పెద్ద మోటార్ల గదిలో ఉండే ఎలక్ట్రీషియన్‌కూ ఒకే మార్కు. ఇలా కలగాపులగం అయితే నిజంగా ఉన్న సంబంధం కూడా సన్నబడి కనిపిస్తుంది. కాబట్టి "ఏమీ లేదు" అని కూడా గట్టిగా అనలేను.

#13 | యూనియన్ ఎర్రన్న | ఆదివారం సాయంత్రం 4:00

చూశారా, మీరే ఒప్పుకుంటున్నారు. 1.2 రెట్లు అంటే నూటికి ఇరవై మంది!

#14 | అంకెలమ్మ | ఆదివారం సాయంత్రం 4:12

కాదండీ!! ఇక్కడే అందరూ బోల్తా పడతారు.

యూరప్ లెక్కల్లో ఒక మనిషికి జీవితకాలంలో ఈ జబ్బు వచ్చే అవకాశం ఇంచుమించు 300-400 మందిలో ఒకరికి. వెయ్యి మంది మామూలు మనుషుల్లో ముగ్గురికి అనుకుందాం. వెయ్యి మంది లైన్‌మన్‌లలో 1.2 రెట్లు అయితే 3.6, అంటే ముగ్గురికీ నలుగురికీ మధ్య. నూటికి ఇరవై కాదు, వెయ్యికి ఒకరి కంటే తక్కువ అదనం. అది కూడా ఆ సంబంధం కారణమే అయితే.

చిన్నదని కొట్టేయడం లేదు. ఆ ఒక్కరు గోదారిగట్టు గారి నాన్నగారు కావచ్చు, అలాగని నిరూపించే దారి లేదు, కాదని నిరూపించే దారీ లేదు.

#15 | ట్రాన్స్‌ఫార్మర్ తాత | ఆదివారం సాయంత్రం 4:40

ఎలుకల సంగతి నేను చెబుతాను. ఈ జబ్బు వచ్చేలా ఎస్‌ఓడీ1 జన్యువు మార్చిన ఎలుకలకు 100, 1000 మైక్రోటెస్లా క్షేత్రం వారాల తరబడి పెట్టి చూశారు. జబ్బు ముందుగా రాలేదు, తొందరగా ముదరలేదు. ఎలుక మనిషి కాదు, ఏడు వారాలు 33 ఏళ్లు కావు. అయినా క్షేత్రం నరాన్ని ఎలా చంపుతుందో చెప్పే విధానం ఇప్పటిదాకా ఎవరూ చూపలేదు.

#16 | ఐటీఐ కుర్రోడు | ఆదివారం రాత్రి 9:14

సార్లూ, నాకు భయంగా ఉంది. నాకు 20. ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయిపోయి అప్రెంటిస్ చేస్తున్నాను. ఆరు నెలలుగా కుడిచేతి వేళ్లు సన్నబడుతున్నాయి, చలికి స్క్రూడ్రైవర్ పట్టుకోలేకపోతున్నా. మొన్న 230 షాక్ కొట్టింది. ఇది అదేనా? ఇంట్లో చెప్పలేదు.

#17 | ఈఎంజీ సూది | ఆదివారం రాత్రి 9:22

తమ్ముడూ, ముందు ఇంట్లో చెప్పు. తర్వాత న్యూరాలజీ ఓపీకి వెళ్లు, ఈ వారమే.

నిన్ను చూడకుండా ఏదీ తేల్చను. కానీ నువ్వు రాత్రంతా నెట్‌లో చదివి నిద్ర పాడుచేసుకుంటావని తెలుసు కాబట్టి ఒక మాట. 15 నుంచి 25 లోపు అబ్బాయిల్లో ఒక చెయ్యి సన్నబడే జబ్బు ఇంకోటి ఉంది, హిరయామా జబ్బు అంటారు. మన దేశంలో అరుదేమీ కాదు. బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు 1980లలోనే ఇలా ఒక్క చెయ్యో ఒక్క కాలో సన్నబడే కేసులను వివరంగా రాశారు. చలికి వేళ్లు మరీ పట్టు తప్పడం అందులో బాగా తెలిసిన లక్షణం. కొన్నేళ్లు పెరిగి చాలామందిలో తనంతట తానే ఆగిపోతుంది. మెడ ముందుకు వంచి ఎంఆర్ఐ తీయాలి, మామూలుగా పడుకోబెట్టి తీస్తే దొరక్కపోవచ్చు. వెళ్లినప్పుడు ఈ మాట డాక్టరుకు గుర్తుచెయ్యి.

మన దక్షిణాదిదే ఇంకోటి ఉంది, మద్రాస్ మోటార్ న్యూరాన్ జబ్బు. 1970లో మద్రాసు డాక్టర్లు వర్ణించారు. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర ప్రాంతాల యువకుల్లో కనిపిస్తుంది. ముఖం, నాలుక కండరాలు బలహీనపడతాయి, చెవుడు వస్తుంది, కానీ ఏళ్ల తరబడి మెల్లగా నడుస్తుంది. "మోటార్ న్యూరాన్" అనే మాట కాగితం మీద చూడగానే అందరికీ ఒకే తీర్పు అనుకోవద్దని చెప్పడానికి రాశాను.

ఇంకా ఎవరికైనా కనురెప్ప అదురుతోంది, పిక్కలో కండ అదురుతోంది అని భయం ఉంటే: బలహీనత, కండ కరగడం లేకుండా ఉత్త అదురు ఒక్కటే అయితే ఎక్కువసార్లు అది నిద్ర తక్కువై, టీ ఎక్కువై.

#18 | సబ్‌స్టేషన్ సత్తన్న | ఆదివారం రాత్రి 9:30

డాక్టర్ సాబ్, నేను దినాం ఎనిమిది చాయలు తాగుత. రెండు దినాల సంది కన్ను అదురుతుంది. ఎడమది. మా అవ్వ పైసలొస్తయన్నది 😅

#19 | మోడరేటర్ | ఆదివారం రాత్రి 9:35

సత్తన్నా, విషయం మీద ఉండండి. (కుడి కన్నయితేనే మగవాళ్లకు పైసలు.)

#20 | మాంచెస్టర్ మావయ్య | సోమవారం తెల్లవారుజామున 3:10

నష్టపరిహారం మాట వచ్చింది కదా. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, ఇక్కడి ఉద్యోగ భద్రత వ్యవహారాల్లో పనిచేశాను. ఇక్కడ ఉద్యోగం వల్ల వచ్చినట్టు ప్రభుత్వం ఒప్పుకునే జబ్బుల పట్టిక ఒకటుంది. అందులో మోటార్ న్యూరాన్ జబ్బు లేదు. అమెరికాలో మాత్రం మాజీ సైనికులకు 2008 నుంచి ఒక వెసులుబాటు ఉంది: వరసగా 90 రోజులు సర్వీసు చేసి ఉంటే చాలు, ఈ జబ్బు వస్తే సర్వీసు వల్లే అనుకుని ఇస్తారు. ఏ కారణమో తేల్చమని అడగరు. తేలదని తెలిసే అలా రాశారు. నాకైతే అదే పెద్దమనిషి తరహా అనిపిస్తుంది.

#21 | కోర్టు పక్షి | సోమవారం ఉదయం 11:00

మన చట్టం సంగతి. 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టంలో మూడో షెడ్యూల్ అని వృత్తి జబ్బుల పట్టిక ఉండేది; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, అందులోనూ అలాంటి పట్టిక ఉంది. సీసం విషం, సిలికోసిస్ వగైరా ఉంటాయి, ఈ జబ్బు లేదు. పట్టికలో లేనిదాన్ని ఉద్యోగం వల్లే వచ్చిందని మీరే నిరూపించాలి. పైన అంకెలమ్మ గారు రాసింది చదివాక, అవతలి లాయరు ఆ ఇంగ్లండ్ అధ్యయనం తీసి బల్ల మీద పెడితే మీరేం చేస్తారు?

షాక్ ప్రమాదం వేరు. దానికి పరిహారం ఉంది. ఆ 1923 చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు అడగాల్సింది, సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే వీలుండేది. కానీ 1994 నాటిది!

ఎర్రన్న గారూ, మీ కోపం అర్థమైంది. అది ఈ జబ్బు మీద పెడితే కేసు నిలబడదు. ఇవాళ్టికీ ఎల్‌సీ లేకుండా, ఎర్త్ రాడ్ (పొరపాటున వచ్చే కరెంటును భూమిలోకి పంపే కడ్డీ) వెయ్యకుండా కాంట్రాక్టు కుర్రాళ్లను ఎక్కిస్తున్న చోట పెట్టండి, ప్రతిదీ నిలబడుతుంది.

#22 | యూనియన్ ఎర్రన్న | సోమవారం మధ్యాహ్నం 1:20

ఒప్పుకుంటాను. నాకు కోపం ఎందుకంటే, మా దగ్గర షాక్ తగిలితే రాసుకోం. "ఏం కాలేదు కదా" అని లేచి, నీళ్లు తాగి మళ్లీ ఎక్కుతాం. పుస్తకంలో ఎక్కిస్తే పైనుంచి ఎందుకొచ్చిందని అడుగుతారు, ఎల్‌సీ ఎవరిచ్చారని అడుగుతారు, తోటివాడి ఉద్యోగం మీదికి వస్తుంది. అందుకే గోదారిగట్టు నాన్నగారికి చిన్నవి ఎన్ని తగిలాయో ఎవరూ చెప్పలేరు. అంకెలమ్మ గారి లాంటివాళ్లు రేపు మన దగ్గర లెక్క తీద్దామన్నా ఏం దొరుకుతుంది?

#23 | అంకెలమ్మ | సోమవారం మధ్యాహ్నం 1:48

ఈ థ్రెడ్ మొత్తంలో అసలు మాట ఇది. డెన్మార్క్‌లో ఆ 3,133 మంది దొరికారంటే వాళ్ల షాకులు ఎక్కడో రాసి ఉన్నాయి కాబట్టే.

#24 | సబ్‌స్టేషన్ సత్తన్న | సోమవారం మధ్యాహ్నం 2:02

మా లాగ్ బుక్కుల ఫీడర్ ట్రిప్ అయితే టైముతోని రాస్తం. లోడ్ గంటగంటకు రాస్తం. మనిషికి షాక్ కొడితే రాసే కాలమ్ లేదు. నేను గిప్పుడే తెరిచి చూసిన.

#25 | గోదారిగట్టు | సోమవారం రాత్రి 10:50

అందరికీ పేరుపేరునా దండాలండి. ఇవాళ సాయంత్రం నాన్న పక్కన కూర్చుని ఇదంతా చదివి వినిపించాను. ఆయనకు అయస్కాంత క్షేత్రం గోల ఏమీ పట్టలేదు. డాక్టర్ గారు రాసిన "దారి దొరికినంతసేపే పారుతుంది" దగ్గర మాత్రం ఆపమని మళ్లీ చదివించుకున్నారు. "ఆ మాట నాకు తెలుసురా. తెలిసీ భయపడ్డాను" అన్నారు. తర్వాత 1994 సంగతి మొత్తం చెప్పారు. నాకు ఇన్నాళ్లూ తెలియనిది ఒకటుంది. ఆ రోజు స్తంభం మీద ఎర్త్ రాడ్ తగిలించి ఉంటే రిటర్న్ వచ్చినా దెబ్బ తగలకుండా బయటపడేవాళ్లమని, రాడ్ ఉన్న సైకిలు ఇంకో ఊరు పోయిందని. సైకిలు పంపింది ఆయనేనట. కింద పడ్డాక హెల్పర్ కుర్రాడు ఏడుస్తుంటే "నీ తప్పు కాదు" అని చెప్పారట. ముప్పయ్యేళ్లుగా తన తప్పేనని మోస్తున్నది ఈయనే.

కేసు వద్దన్నారు. డాక్టర్ గారూ, ఇప్పుడు మేం చెయ్యాల్సినవి ఏమిటో చెప్పగలరా?

#26 | ఈఎంజీ సూది | మంగళవారం ఉదయం 6:50

రిలుజోల్ మాత్రలు మీ డాక్టరు రాసే ఉంటారు, 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. 1995 నుంచి ఉన్న మందు, కొన్ని నెలలు జోడిస్తుంది, నయం చెయ్యదు. కాలేయం పరీక్షలు మర్చిపోకండి. జన్యు పరీక్ష గురించి అడగండి. పది మందిలో ఒకరికో అంతకంటే తక్కువకో ఇది కుటుంబంలో వచ్చేది. ఎస్‌ఓడీ1 రకమైతే 2023లో అమెరికాలో ఒప్పుకున్న టోఫెర్సెన్ అనే మందు ఉంది, మనకు అందుబాటులోకి రావడం వేరే సంగతి.

మందు కంటే నేను గట్టిగా చెప్పేది ఊపిరి గురించి. పడుకుంటే ఆయాసం, పొద్దున్నే తలనొప్పి, పగలంతా మగత ఉంటే వెంటనే చెప్పండి. రాత్రి మాస్కుతో గాలి ఇచ్చే బైపాప్ యంత్రం సరైన వేళకు మొదలుపెడితే రిలుజోల్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. మింగడం కష్టమై బరువు తగ్గుతుంటే కడుపుకు గొట్టం వేసే మాట ముందే మాట్లాడుకోండి, మరీ నీరసించాక కాదు. పత్యాలు, నూనెల మర్దన అంటూ లక్షలు గుంజేవాళ్లు ఫోన్ చేస్తారు. ఇప్పటికే చేసి ఉంటారు.

సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్‌కు స్లాట్ పెట్టండి. 2016 చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో దీర్ఘకాలిక నరాల జబ్బులు ఉన్నాయి.

1994 సంగతి మొత్తం చెప్పారంటే నాన్నగారి మాట ఇంకా స్పష్టంగా ఉన్నట్టే. ఇప్పుడే ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి. మనవల పేర్లు, రోజూ అనే మాటలు. తర్వాత పనికొస్తాయి.

#27 | ఐటీఐ కుర్రోడు | గురువారం సాయంత్రం 6:15

సార్, మా అమ్మతో వెళ్లాను. మెడ వంచి ఎంఆర్ఐ తీస్తామన్నారు. స్లాట్ వచ్చే బుధవారం. ఇంట్లో తిట్టలేదు.

#28 | గోదారిగట్టు | శనివారం రాత్రి 9:05

రికార్డింగు మొదలుపెట్టామండి. మనవల పేర్లు చెప్పమంటే చెప్పి, ఆపకుండా తన సెక్షన్‌లో పనిచేసిన హెల్పర్ల పేర్లన్నీ చెప్పేశారు. ఇరవై మూడు పేర్లు వచ్చాయి.

చెంచా జారకుండా ఏం చెయ్యాలి అని అడుగుదామని వచ్చాను, ఈలోపు ఆయనే దారి చూపించారు. "నా పాత కిట్‌లో ఇన్సులేషన్ టేపు ఉంటుంది చూడు" అన్నారు. కాడకు లావుగా చుట్టి ఇస్తే ఈ పూట సగం అన్నం ఆయనే తిన్నారు.

#29 | ట్రాన్స్‌ఫార్మర్ తాత | శనివారం రాత్రి 9:20

టేపు వేడినీళ్లకు జిగురు వదులుతుంది బాబూ, పైగా అన్నంలోకి పోతుంది. సైకిల్ హ్యాండిల్‌కు వేసే రబ్బరు గ్రిప్ కొని కాడకు తొడగండి. తీసి కడుక్కోవచ్చు.